రోల్‌ప్లేయింగ్ ఆటల డిజిటల్ రిఫరెన్స్ టూల్స్: ఉచితంగా వచ్చేది ఎంత, కొనాల్సింది ఏది

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథ నడిపే ఆటల) నియమాలను ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వెతుక్కునే టూల్స్ ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఒక స్పెల్ (మంత్రం) ఎంత దూరం పనిచేస్తుందో, ఒక మాన్‌స్టర్‌కు ఎన్ని హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో చెప్పే లెక్క) ఉంటాయో ఆట ఆపకుండా చూసుకోగలగడం వీటితో ఉన్న పెద్ద సౌకర్యం. అయితే కొత్తగా ఆడేవారు ఇలాంటి టూల్ తెరవగానే చాలా పేజీలకు తాళం గుర్తు కనిపిస్తుంది. అది చూసి కొందరు ఆట మొదలవకముందే పుస్తకాలన్నీ కొనేస్తారు. మరికొందరు పుస్తకాల పాఠాన్ని అనుమతి లేకుండా మొత్తంగా పెట్టిన సైట్ల వైపు వెళ్తారు. నిజానికి ఈ రెండింటిలో ఏదీ అవసరం లేదు. చట్టబద్ధంగా ఉచితంగా దొరికే భాగం ఏమిటో కచ్చితంగా తెలుసుకుంటే చాలా బృందాలు నెలల తరబడి పైసా ఖర్చు లేకుండా ఆడుకోవచ్చు, డబ్బు పెట్టాల్సిన సమయం వచ్చినప్పుడు దేనికి పెడుతున్నామో తెలిసి పెట్టవచ్చు.

ఉచిత భాగం ఎక్కడిది

ఈ ఆటల్లో పేరుపొందిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను, దానితోపాటు సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ను విడుదల చేసింది. ఆటగాళ్లు దీన్ని ఎస్‌ఆర్‌డీ అనే పిలుస్తారు. ఇతర ప్రచురణకర్తలు, టూల్స్ తయారుచేసేవారు వాడుకోవడానికి ఆట నియమాల్లో కొంత భాగాన్ని ఏరి కూర్చిన పత్రం ఇది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌కు 2016లో ఎస్‌ఆర్‌డీ వెలువడింది. 2023 జనవరిలో ఆ లైసెన్స్‌ను మార్చే ఆలోచన బయటికి పొక్కి, ఆటగాళ్లూ ప్రచురణకర్తలూ గట్టిగా వ్యతిరేకించడంతో, సంస్థ ఆ నెలాఖరులోనే ఎస్‌ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ సీసీ-బై 4.0 లైసెన్స్ కింద పెట్టింది. 2024లో సవరించిన నియమాలకు సరిపోయే ఎస్‌ఆర్‌డీ 5.2 కూడా 2025లో అదే లైసెన్స్‌తో వచ్చింది. షరతులు పాటిస్తున్నంత కాలం సీసీ-బై లైసెన్స్‌ను ఇచ్చినవారు వెనక్కి తీసుకోలేరు. మూలాన్ని పేర్కొన్న ఎవరైనా ఆ పాఠాన్ని వాడుకోవచ్చు, వ్యాపారానికి సైతం వాడుకోవచ్చు.

ఈ చరిత్ర తెలిస్తే టూల్ ఎంపికలో ఒక చిక్కు విడిపోతుంది. ఐదో ఎడిషన్ నియమాలను ఉచితంగా చూపించే టూల్స్‌లో అధిక భాగం చూపించేది ఇదే ఎస్‌ఆర్‌డీ. కాబట్టి ఏ టూల్‌లో ఎక్కువ సమాచారం ఉందని పోల్చడం వల్ల పెద్దగా లాభం లేదు. వెతికినది ఎంత త్వరగా దొరుకుతోంది, నెట్ లేనప్పుడు తెరుచుకుంటుందా, ఒక నియమం నుంచి దానికి సంబంధించిన మరో నియమానికి లింకు ఉందా, ఫోన్ తెరపై పట్టికలు సరిగా కనిపిస్తున్నాయా అన్నవే పోల్చి చూడాల్సిన విషయాలు.

ఐదో ఎడిషన్ ఉచిత భాగంలో ఏముంది, ఏం లేదు

ఆట నడవడానికి కావలసిన మూల నియమాలన్నీ ఎస్‌ఆర్‌డీలో ఉన్నాయి: పోరాటం, సేవింగ్ త్రోలు (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచికలు), కండిషన్లు (పాత్రపై పడే ప్రభావాలు), ఆయుధాలు, కవచాలు, 12 క్లాస్‌లు (పాత్రల వృత్తులు), మూడు వందలకు పైగా స్పెల్స్, దాదాపు అన్నే మాన్‌స్టర్లు. తక్కువగా ఉండేవి పాత్రల తయారీలో ఎంచుకునే ఐచ్ఛికాలు. ఫైటర్ క్లాస్ పాత్రను మూడో లెవెల్‌కు తెచ్చిన ఆటగాడు సబ్‌క్లాస్ (ఆ క్లాస్‌లోని ఉపవిభాగం) ఎంచుకోబోతే ఉచిత టూల్‌లో ఛాంపియన్ ఒక్కటే తెరిచి ఉంటుంది. బ్యాటిల్ మాస్టర్, ఎల్‌డ్రిచ్ నైట్ తాళం వెనుక ఉంటాయి. ప్రతి క్లాస్‌కూ ఇదే లెక్క. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో క్లాస్‌కు 4 చొప్పున 48 సబ్‌క్లాస్‌లు ఉంటే ఎస్‌ఆర్‌డీ 5.2లో క్లాస్‌కు ఒకటి చొప్పున 12 ఉన్నాయి. పుస్తకంలోని 16 బ్యాక్‌గ్రౌండ్లలో (పాత్ర పూర్వ జీవిత నేపథ్యాల్లో) 4 మాత్రమే ఉచితం. పాత 5.1లో ఇంకా తక్కువ: బ్యాక్‌గ్రౌండ్ అకొలైట్ ఒక్కటే, ఫీట్ (పాత్రకు చేరే అదనపు నైపుణ్యం) గ్రాప్లర్ ఒక్కటే.

దీనివల్ల ఎవరికి ఇబ్బంది? ఒకటో లెవెల్ నుంచి కొన్ని సాహసాలు ఆడి చూద్దామనుకునే కొత్త బృందానికి దాదాపు ఏ ఇబ్బందీ ఉండదు. నలుగురు ఆటగాళ్లు నాలుగు వేర్వేరు క్లాస్‌లు తీసుకుంటే ఎవరి పాత్ర వారికి ప్రత్యేకంగానే ఉంటుంది. ఒకే క్లాస్‌ను ఇద్దరు తీసుకున్నప్పుడు, లేదా అదే ఆటగాడు అదే క్లాస్‌తో రెండో పాత్రను తయారుచేసుకున్నప్పుడు కొరత తెలుస్తుంది. ఆటను నడిపే గేమ్ మాస్టర్ పరిస్థితి ఇంకా మెరుగు. మాన్‌స్టర్ల జాబితా పెద్దది కావడంతో ఉచిత భాగంతోనే చాలాకాలం నెట్టుకురావచ్చు.

స్పెల్స్ విషయంలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి, లేకపోతే ఉన్నదాన్ని లేదనుకుంటారు. విజార్డ్స్ సంస్థ తన కల్పిత లోకాలకు చెందిన మాంత్రికుల పేర్లను ఎస్‌ఆర్‌డీ 5.1 నుంచి తీసేసింది. అందువల్ల ఆ పత్రంపై నిర్మించిన టూల్‌లో బిగ్‌బీస్ హ్యాండ్ అని వెతికితే ఏమీ రాకపోవచ్చు, ఆర్కేన్ హ్యాండ్ అని వెతికితే అదే స్పెల్ దొరుకుతుంది. టాషాస్ హిడియస్ లాఫ్టర్ అక్కడ ఉట్టి హిడియస్ లాఫ్టర్, లియోముండ్స్ టైనీ హట్ ఉట్టి టైనీ హట్. పేరులో మాంత్రికుడి పేరు ఉన్న స్పెల్ కనిపించకపోతే ఆ పేరును వదిలేసి మిగిలిన మాటతో ఒకసారి వెతికిన తరువాతే కొనే ఆలోచన చేయాలి.

మాన్‌స్టర్లలో మాత్రం కొన్ని నిజంగానే ఉండవు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ వంటి వాటిని సంస్థ తన ప్రత్యేక ఆస్తిగా అట్టిపెట్టుకుంది. మీ కథకు అవి కీలకమైతే పుస్తకం కొనడమే సరైన మార్గం. కథకు కావలసింది ఒక భయంకరమైన ప్రత్యర్థి మాత్రమే అయితే ఉచిత జాబితాలో అదే ఛాలెంజ్ రేటింగ్ (ఎంత కఠినమో చెప్పే అంకె) ఉన్న మరో మాన్‌స్టర్ అంకెలను తీసుకుని, రూపాన్నీ పేరునూ మీరే మార్చుకోవచ్చు. ఓపెన్5ఈ వంటి టూల్‌లో కోబోల్డ్ ప్రెస్ లాంటి ఇతర ప్రచురణకర్తలు ఓపెన్ లైసెన్స్ కింద ఇచ్చిన మాన్‌స్టర్లు కూడా ఉంటాయి. వాటిని వాడేటప్పుడు ఏది ఎవరిదో చూపించే సోర్స్ ఫిల్టర్‌ను తప్పకుండా సరిచూసుకోవాలి. మూలాలు కలిసిపోయిన జాబితాలో ఒకే పేరుతో రెండు మూడు రకాలు కనిపించి ఆట మధ్యలో తికమక అవుతుంది.

2014 నియమాలా, 2024 నియమాలా అన్న తేడా ఇంకా ముఖ్యమైనది. టూల్ ఎక్కడా స్పష్టంగా చెప్పకపోతే క్యూర్ వూండ్స్ స్పెల్ తెరిచి చూడండి. ఒకటో లెవెల్ స్లాట్‌తో 1డీ8 (ఎనిమిది ముఖాల పాచిక ఒకటి) నయమవుతుందని ఉంటే అవి పాత నియమాలు, 2డీ8 అని ఉంటే కొత్తవి. ఎబిలిటీ స్కోర్ల (బలం, తెలివి వంటి వాటికి ఇచ్చే అంకెల) పెంపు జాతితో వస్తే పాతవి, బ్యాక్‌గ్రౌండ్‌తో వస్తే కొత్తవి. బృందంలో ఒకరు ఒక టూల్, మరొకరు మరో టూల్ వాడుతున్నప్పుడు వచ్చే వాదనల్లో చాలా భాగం ఈ తేడా వల్లే వస్తాయి. అందుకే మొదటి ఆటకు ముందే అందరూ ఒకే ఎడిషన్ చూస్తున్నారో లేదో గేమ్ మాస్టర్ సరిచూడాలి.

పాత్‌ఫైండర్ దారి వేరు

పైజో సంస్థ ప్రచురించే పాత్‌ఫైండర్ అనే మరో రోల్‌ప్లేయింగ్ ఆట రెండో ఎడిషన్‌లో ఉచితానికీ చెల్లింపుకూ మధ్య గీత మరోచోట ఉంది. ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే రిఫరెన్స్ సైట్‌కు పైజో అధికారిక గుర్తింపు ఇచ్చింది. అందులో మూల పుస్తకంతోపాటు తరువాతి నియమ గ్రంథాల్లోని క్లాస్‌లు, ఫీట్లు, స్పెల్స్, మాన్‌స్టర్లు కూడా ఉచితంగా చదవవచ్చు. డబ్బు చెల్లించాల్సింది సాహస కథలకు, పటాలకు, బొమ్మలకు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు క్రమంగా నేర్పే పుస్తకానికి. ఆట నేర్చుకోవాలనుకునేవారికి ఈ చివరిది చిన్న విషయం కాదు. రిఫరెన్స్ సైట్‌లో ప్రతి నియమమూ దొరుకుతుంది, కానీ ఏ నియమాన్ని ముందు చదవాలో అది చెప్పదు. పాత్‌ఫైండర్ కొత్తవారికి నా సలహా, ఉచిత సైట్ ఉన్నా సరే, బృందం మొత్తానికి ఒక్క ప్లేయర్ కోర్ (ఆటగాళ్ల మూల నియమ గ్రంథం) ప్రతి అయినా ఉండాలని.

ఇక్కడ కూడా పాత, కొత్త పాఠాల సమస్య ఉంది. 2023 నవంబరులో మొదలైన రీమాస్టర్ (సవరించిన) పుస్తకాలతో పైజో ఓపెన్ గేమ్ లైసెన్స్ నుంచి బయటికి వచ్చి ఓఆర్‌సీ అనే మరో ఓపెన్ లైసెన్స్‌కు మారింది. ఆ క్రమంలో ఎన్నో పేర్లు మారాయి. మ్యాజిక్ మిసైల్ ఫోర్స్ బరాజ్ అయింది, అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ రియాక్టివ్ స్ట్రైక్ అయింది, ఫ్లాట్-ఫుటెడ్ ఆఫ్-గార్డ్ అయింది. పాత సాహస కథను కొత్త నియమాలతో ఆడేటప్పుడు పాత పేరుతో వెతికి, ఆ పేజీలో కనిపించే రీమాస్టర్ లింకు ద్వారా కొత్త పాఠానికి వెళ్లడం సులువైన పద్ధతి.

రెండు ఆటల మధ్య ఉన్న ఈ తేడా వర్చువల్ టేబుల్‌టాప్‌లలో (కంప్యూటర్‌పై ఆట ఆడే వేదికల్లో) కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఫౌండ్రీ సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారి కొంటే చాలు, నెలవారీ చందా ఉండదు. అందులో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ సిస్టమ్‌ను పెట్టుకుంటే నియమ గ్రంథాల సమాచారం దానితోపాటే వస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ సిస్టమ్‌ను పెట్టుకుంటే వచ్చేది ఎస్‌ఆర్‌డీ వరకే, మిగిలినది విడిగా కొనాలి. ఒకే సాఫ్ట్‌వేర్‌కు ఒకే ధర పెట్టిన రెండు బృందాల మొత్తం ఖర్చు ఆటను బట్టి ఎంతో మారిపోతుంది. కాబట్టి టూల్ ధర చూసే ముందు ఆట ప్రచురణకర్త ఎంత వరకు తెరిచి ఉంచాడో చూడాలి.

చిన్న ప్రచురణకర్తల్లో ఔదార్యం ఎక్కువ. ఐరన్‌స్వోర్న్ మూల పుస్తకం పీడీఎఫ్ పూర్తిగా ఉచితం, బేసిక్ ఫాంటసీ కూడా అంతే. ల్యాన్సర్ ఆటలో ఆటగాళ్లకు కావలసిన నియమాలన్నీ ఉచిత పుస్తకంలోనూ, కాంప్/కాన్ అనే ఉచిత టూల్‌లోనూ ఉంటాయి. ప్రత్యర్థుల వివరాల కోసం గేమ్ మాస్టర్ ఒక్కరే పూర్తి పుస్తకం కొని, దానితో వచ్చే ఫైలును టూల్‌లోకి ఎక్కించుకోవాలి. బృందంలో ఒక్కరు కొంటే సరిపోయే ఈ ఏర్పాటు నాకు అన్నిటికంటే న్యాయంగా కనిపిస్తుంది.

ఒక సైట్ అనుమతి ఉన్నదో కాదో తెలుసుకోవడం

అన్ని పుస్తకాల పాఠమూ ఒక్కచోట ఉచితంగా కనిపిస్తే ముందుగా పేజీ అడుగున ఉన్న లైసెన్స్ వివరాలు చదవండి. సీసీ-బై కింద నడిచే టూల్‌లో ఎస్‌ఆర్‌డీ పేరు, వెర్షన్, విజార్డ్స్ సంస్థ పేరుతో కూడిన మూల ప్రకటన ఉండాలి. ఆ ప్రకటనను ఏ మాటల్లో రాయాలో ఎస్‌ఆర్‌డీలోనే ఇచ్చారు. ఓపెన్ గేమ్ లైసెన్స్ 1.0ఎ కింద నడిచే టూల్‌లో లైసెన్స్ పూర్తి పాఠం ఉండి, అందులోని 15వ సెక్షన్‌లో ఎవరెవరి రచనల నుంచి తీసుకున్నారో జాబితా ఉండాలి. ఈ సెక్షన్ చదవడం విసుగ్గా అనిపించినా టూల్‌లో ఉన్నది ఎవరి సొత్తో తెలిపే నమ్మకమైన పట్టిక అదే. ఈ రెండూ లేకుండా బిహోల్డర్ నుంచి తాజా పుస్తకంలోని సబ్‌క్లాస్‌ల వరకు అన్నీ ఉన్నాయంటే అది అనుమతి లేని సైట్ అనుకోవచ్చు.

అలాంటి సైట్ల జోలికి వెళ్లవద్దని చెప్పడానికి నాకు ఉన్న కారణాలు రెండు. మొదటిది, ఆ పుస్తకాల రచయితలు, చిత్రకారులు, సంపాదకులు బతికేది వాటి అమ్మకాల మీద. రెండవది ఆచరణకు సంబంధించినది: హక్కుదారు అభ్యంతరం చెప్పిన రోజున సైట్ మాయమైతే నెలల తరబడి దానిపై ఆధారపడి సిద్ధం చేసుకున్న లింకులు, నోట్లు పనికిరాకుండా పోతాయి. అభిమానులు స్వయంగా కల్పించి రాసిన హోమ్‌బ్రూ, అధికారిక పాఠంతో కలిసిపోయే వికీలతో కూడా జాగ్రత్త అవసరం. అవి చట్టానికి విరుద్ధం కాకపోవచ్చు గానీ, ఆటగాడు అధికారికమనుకుని తెచ్చుకున్న క్లాస్ మిగతా పాత్రలను పక్కకు నెట్టేసే పరిస్థితి రావచ్చు.

మీ సొంత నోట్ల విషయంలో భయపడాల్సినది లేదు. అమెరికా చట్టం ప్రకారం ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ ఉండదు, దాన్ని వివరించిన రచనకు ఉంటుంది. ముద్రిత పుస్తకం మీ దగ్గర ఉంటే అందులోని నియమాన్ని మీ మాటల్లో రాసుకుని బృందానికి వాడుకోవచ్చు. పాత్రల తయారీ టూల్స్‌లో హోమ్‌బ్రూ విభాగం ఉంటే పుస్తకంలోని ఒకటి రెండు స్పెల్స్‌ను ప్రైవేటుగా నమోదు చేసుకోవచ్చు. దాన్ని అందరికీ కనిపించేలా ప్రచురించడం మాత్రం టూల్స్ నిబంధనలకు విరుద్ధం.

కొనేటప్పుడు దేనికి చెల్లిస్తున్నారో చూడండి

డిజిటల్ టూల్స్‌లో చెల్లింపులు ప్రధానంగా రెండు రకాలు: పుస్తకాన్ని తెరిచేందుకు ఒక్కసారి ఇచ్చేది, సౌకర్యాల కోసం నెలకో ఏడాదికో కట్టే చందా. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే అనవసర ఖర్చు అవుతుంది. 2017లో మొదలై 2022లో విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో చేతికి వచ్చిన, డంజన్స్ అండ్ డ్రాగన్స్ డిజిటల్ టూల్ అయిన డీ అండ్ డీ బియాండ్‌నే తీసుకుంటే, అక్కడ చందా కట్టినంత మాత్రాన పుస్తకాలు తెరుచుకోవు. ఉచిత ఖాతాలో 6 పాత్రలు చేసుకోవచ్చు, చందాతో ఆ పరిమితి పోతుంది. మాస్టర్ టియర్ అనే చందా ఉన్న వ్యక్తి తన క్యాంపెయిన్‌లోని (పలు ఆటలుగా సాగే కథలోని) ఆటగాళ్లతో కొన్న పుస్తకాలను పంచుకోవచ్చు. కాబట్టి బృందంలో ఒక్కరు పుస్తకాలు కొని, ఒక్కరు ఆ చందా కడితే అందరికీ సరిపోతుంది. ఐదుగురూ ఐదుసార్లు అదే పుస్తకం కొనడం కంటే ఎవరి ఖాతాలో కొనాలో మొదటే మాట్లాడుకుని ఖర్చు పంచుకోవడం మంచిది. అయితే ఆ పుస్తకాలు చివరికి ఆ ఒక్కరి ఖాతాలోనే మిగులుతాయని అందరికీ తెలిసి ఉండాలి.

ముద్రిత పుస్తకం కొన్నంత మాత్రాన డిజిటల్ ప్రతి దానంతట అది రాదు. ఒక వేదికలో కొన్నది సాధారణంగా మరో వేదికలో చెల్లదు. రోల్20 అనే వర్చువల్ టేబుల్‌టాప్‌లో ఆడాలనుకునేవారు పాత్రల తయారీ కోసం మరోచోట కొన్నాక ఈ విషయం గ్రహిస్తే అదే పుస్తకానికి రెండోసారి చెల్లించాల్సి వస్తుంది. అందుకని ఎక్కడ ఆడబోతున్నారో తేల్చుకున్నాకే కొనండి.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది, కొన్నది ఎంతకాలం మీ చేతిలో ఉంటుందన్న విషయం. 2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ సంస్థ తన పీడీఎఫ్‌ల అమ్మకాన్ని ఉన్నపళంగా ఆపేసింది, మళ్లీ 2013లో గానీ మొదలుపెట్టలేదు. అప్పటికే ఫైలును దించుకుని దాచుకున్నవారికి నష్టం లేదు, అమ్మిన సైట్‌లోనే ఉందిలే అనుకున్నవారు చిక్కుల్లో పడ్డారు. 2008లో నాలుగో ఎడిషన్‌తోపాటు వచ్చిన చందా టూల్స్ కూడా తరువాతి కాలంలో మూతపడ్డాయి. 2024లో డీ అండ్ డీ బియాండ్ ఒక స్పెల్‌నో ఒక సబ్‌క్లాస్‌నో విడిగా కొనుక్కునే సదుపాయాన్ని తీసేసింది. అదే ఏడాది ఆగస్టులో, పాత నియమాలతో ఆడుతున్న పాత్రల షీట్లలోని స్పెల్స్, మంత్ర వస్తువుల స్థానంలో కొత్త పాఠాన్ని పెడతామని ప్రకటించి, ఆటగాళ్ల నిరసనతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. సంస్థను నిందించడానికి ఇవన్నీ చెప్పడం లేదు. వేరొకరి సర్వర్ మీద ఉన్న పుస్తకం, మీ డిస్క్ మీద ఉన్న పీడీఎఫ్, మీ అలమరలో ఉన్న పుస్తకం మూడూ మూడు రకాల సొత్తులు, వాటికి ఒకే విలువ కట్టకూడదు. దీర్ఘకాలం ఆడే మూల నియమాలు నా దృష్టిలో పీడీఎఫ్‌గానో ముద్రిత రూపంలోనో ఉండాలి. వెతుకులాట, లెక్కలు, పాత్ర షీట్ల వంటి సౌకర్యాల కోసం ఆన్‌లైన్ టూల్‌కు చెల్లించడంలో తప్పు లేదు.

అమలు చేసే క్రమం

మొదటి కొన్ని ఆటలు పూర్తిగా ఉచిత భాగంతోనే ఆడండి. గేమ్ మాస్టర్ ఒక కాగితం పక్కన పెట్టుకుని, వెతికితే దొరకని ప్రతిదాన్నీ రాయాలి. పేరు మారడం వల్ల దొరకలేదా, వేరే ఎడిషన్ కావడం వల్లా, నిజంగానే తాళం వెనుక ఉందా అన్నది ఆట ముగిశాక సరిచూడాలి. మొదటి రెండు కారణాలవి కొట్టేస్తే జాబితా సాధారణంగా బాగా చిన్నదవుతుంది. మిగిలినవి ఏ పుస్తకంలో ఉన్నాయో చూసి, ఒకే పుస్తకం పదే పదే వస్తే అది కొనడానికి తగినది. ఒక్కో అవసరానికి ఒక్కో పుస్తకం వస్తుంటే కొనకుండా హోమ్‌బ్రూగా నమోదు చేసుకోవడమో, ఆటగాడితో మాట్లాడి ఉచిత భాగంలోని దగ్గరి ఐచ్ఛికాన్ని ఎంచుకోవడమో మేలు. తగ్గింపు ధరలో బండిల్ వచ్చిందని ఈ జాబితాలో లేని పుస్తకాన్ని కొనవద్దు.

చందా తీసుకున్నాక క్యాంపెయిన్ ముగిసే సమయం దగ్గరపడితే రద్దు చేసే ముందు కొన్ని పనులు చేయాలి. పంచుకున్న పుస్తకాలతో తయారైన పాత్రల షీట్లను ప్రతి ఆటగాడూ పీడీఎఫ్‌గా దించుకోవాలి, ఎందుకంటే చందా ఆగిపోయాక పంచుకోవడమూ ఆగిపోతుంది. గేమ్ మాస్టర్ తాను రాసుకున్న హోమ్‌బ్రూ మాన్‌స్టర్లను, నోట్లను టూల్ బయట మరో ఫైలులోకి తీసుకోవాలి. ఖాతాలో 6కు మించి పాత్రలు ఉంటే ఏవి ఉంచుకోవాలో ముందుగా తేల్చుకోవాలి. చందా తనంతట తాను పునరుద్ధరణ అయ్యే తేదీని చూసుకుని ఈ పనులన్నీ ఆ తేదీకి వారం ముందే ముగించండి.